వైశాఖీకి వండే పసుపు రంగు తీపి అన్నంలో చక్కెర ఎప్పుడు కలపాలి?

నమస్కారం. ఏప్రిల్ 13 లేదా 14న వచ్చే వైశాఖీ పంజాబులో గోధుమ కోతల పండుగ కాబట్టి, లూధియానాలో మా పక్కింటి పంజాబీ కుటుంబానికి వారి పద్ధతిలోనే మీఠే చావల్ అనే ఈ తీపి అన్నం వండి ఇవ్వాలని నాకు ఎంతో కోరికగా ఉంది. నిరుడు బాస్మతి బియ్యం అరగంట నానబెట్టి, లవంగాలు, యాలకులు నేతిలో వేయించి, కుంకుమపువ్వు వేసి వండాను. రంగు, వాసన చక్కగా కుదిరాయి గాని, చక్కెర కలిపిన కాసేపటికే మెతుకులు బిరుసెక్కి, గిన్నె అడుగున పాకం కట్టింది. అన్నం పూర్తిగా ఉడికిన తరువాతే చక్కెర వేయాలా, లేక విడిగా లేతపాకం పట్టి పోయాలా? గ్లాసు బియ్యానికి చక్కెర ఎంత పడుతుంది? గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్లలో వేసి చేసే కడా ప్రసాదం గురుద్వారాలోనే అందరికీ పెడతారు గనుక దాని గురించి అడగడం లేదు. ఈ అన్నంతో పాటు ఇచ్చే లస్సీ ఉప్పుదా, తీపిదా అన్నది కూడా పంజాబీ ఇళ్లలో పండుగ భోజనం చేసినవారు దయచేసి తెలియజేయగలరు.