సాటీ మొదటి జిమ్నోపెడీ: పియానో మిడిని చెల్లో, వయోలా, ఫ్లూట్‌లకు ఇస్తే అంతా అలుక్కుపోతోంది

వెన్నెల_కీస్:
ఎరిక్ సాటీ 1888లో పియానోకి రాసిన మొదటి జిమ్నోపెడీని రీపర్‌లో (సంగీతం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్లతో (కంప్యూటర్‌లో మోగే వాద్యాలతో) చేస్తున్నాను. పియానో మీద వాయించిన మిడి (ఏ స్వరం ఎప్పుడు, ఎంతసేపు అన్న సమాచారం) ఒకే ట్రాకులో ఉంది. దాన్నే కాపీ చేసి చెల్లో, వయోలా, ఫ్లూట్‌లకు ఇచ్చి, ఎవరికి అక్కర్లేని స్వరాలు వాళ్ల దగ్గర చెరిపేశాను. ఇప్పుడు కార్డులు (కలిసి మోగే స్వరాల గుంపులు) ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. 9వ బార్‌లో (బార్ అంటే ఇందులో మూడు బీట్ల భాగం) మొదలై నాలుగు బార్లు నిలవాల్సిన ఎఫ్ షార్ప్ ఒక బార్‌కే తెగిపోతోంది. తీగలు (చెల్లో, వయోలా) బీట్ కంటే వెనకబడుతున్నాయి. వెనక తంబురా కూడా పెడదామని ఉంది. హక్కుల సంగతి కూడా చెప్పండి.

మంద్రం:
మొదటిది సస్టెయిన్ పెడల్ వల్లనండి. ఈ ముక్కలో ప్రతి బార్‌లో మొదటి బీట్‌కి బాస్ స్వరం, రెండో బీట్‌కి కార్డు వస్తాయి. ఒక బార్‌లో జి బాస్ మీద బి-డి-ఎఫ్ షార్ప్, తర్వాతి బార్‌లో డి బాస్ మీద ఎ-సి షార్ప్-ఎఫ్ షార్ప్. పియానోలో పెడల్ తొక్కి ఉంచినా తీగ మోత తనంతట తానే సన్నబడుతుంది, అందుకని పాత కార్డు కొత్తదానికి పెద్దగా అడ్డురాదు. వయోలా శాంపిల్ (రికార్డు చేసిన వాద్య శబ్దం) సన్నబడదు. పెడల్ సందేశం సీసీ64 (మిడిలో కంట్రోల్ నంబర్లను సీసీ అంటారు) అలాగే ఉంటే బి-డి మోగుతుండగానే ఎ-సి షార్ప్ వచ్చి రాసుకుంటాయి. మీకు వినిపిస్తున్న అలుకు అదే.

తీగల ట్రాకుల్లోంచి సీసీ64 మొత్తం తీసేయండి, కానీ అసలు పియానో ట్రాకును మ్యూట్ చేసి దగ్గర ఉంచుకోండి, పోల్చుకోవడానికి పనికొస్తుంది. బాస్ స్వరాన్ని బార్ నిండా లాగండి. కార్డును బార్ చివరిదాకా ఉంచి ఆపేయండి. మధ్యలో ఖాళీ మరీ కొట్టొచ్చినట్టు ఉంటే తర్వాతి మొదటి బీట్ లోపలికి కొంచెం పొడిగించవచ్చు గానీ, కొత్త కార్డు మీదికి మాత్రం పోనివ్వకండి.

ఆ తర్వాత పియానో సన్నబడే తీరును చేత్తో గీయాలి. శబ్దం హెచ్చుతగ్గులు నడిపే సీసీ11లో బాస్‌కి బార్ మొదట్లో 85, చివరికి 50. కార్డుకి 60 నుంచి 40. ఈ అంకెలు మీ ప్యాచ్‌ని (ఎంచుకున్న వాద్య శబ్దాన్ని) బట్టి మారతాయి, వంపు మాత్రం ఉండి తీరాలి. ఇది చేయకపోతే వెలాసిటీ (స్వరాన్ని నొక్కిన బలం) ఎంత తగ్గించినా, ఫ్లూట్ వాయించే పాటను (ప్రధాన స్వరవరుసను) చెల్లో మింగేస్తుంది. ట్రాక్ వాల్యూమ్ అయిన సీసీ7ని కదపకండి, అది మిక్స్‌కి వదిలేయండి. డైనమిక్స్‌ని (మెత్తగా, గట్టిగా వాయించే తేడాని) సీసీ1కి (మాడ్యులేషన్ వీల్) కట్టిన శాంపిల్ లైబ్రరీ అయితే దాన్నీ సీసీ11తో పాటే కొద్దిగా దించండి, లేకపోతే గట్టి విల్లు శబ్దమే చిన్నగా వినిపించి కృతకంగా ఉంటుంది.

నిండుతనం కోసం డబుల్ బాస్‌ని ఒక అష్టకం (ఆక్టేవ్) కిందికి దించాలనిపిస్తుంది. మీ డి2 కాస్తా డి1 అవుతుంది. మామూలు నాలుగు తీగల డబుల్ బాస్ ఇ1 దగ్గరే ఆగిపోతుంది. చెల్లో ఉన్న స్థాయిలోనే పిజ్జికాటోతో (తీగను వేలితో మీటి) తాకించండి, చాలు.

నాదతరంగం:
ఎఫ్ షార్ప్ తెగడం వేరే సంగతి. ఆ నాలుగు బార్లలో పాట పట్టుకున్న ఎఫ్ షార్ప్, కార్డు పై స్వరం ఒకటే, మిడి నంబర్ 66. రెండూ ఒకే ట్రాకులో, ఒకే ఛానెల్‌లో ఉన్నాయి కాబట్టి కార్డు ముగిసినప్పుడు వెళ్లే నోట్-ఆఫ్ (స్వరం ఆపమనే సందేశం) పాట స్వరాన్నీ ఆపేస్తుంది. కొన్ని ఎడిటర్లు ఒకదాని మీద ఒకటి పడ్డ అలాంటి స్వరాలను చెప్పకుండానే కత్తిరిస్తాయి. మీరు కాపీ చేసేటప్పటికే అది పొట్టిదైపోయి ఉంటుంది. స్కోరు చూసి ఫ్లూట్ ట్రాకులో ఆ స్వరాన్ని కొత్తగా రాయండి: 9 నుంచి 12వ బార్ చివరిదాకా, 12 బీట్లు.

టెంపో నిమిషానికి 72 బీట్లు అనుకుంటే అది సరిగ్గా 10 సెకన్లు. ఊపిరికి సరిపోతుంది గానీ ఫ్లూట్‌కి ఆ కింది స్థాయి బలహీనం, పైగా వయోలా అదే స్వరం మోగిస్తోంది. ఆ నాలుగు బార్లలో వయోలా కార్డులోంచి ఎఫ్ షార్ప్‌ను తీసేయండి. ఫ్లూట్ దాన్ని పట్టుకునే ఉంది కాబట్టి కార్డుకి లోటు రాదు.

తీగలు వెనకబడటానికి కారణం విల్లు అటాక్ (స్వరం మొదలై పైకి లేచే తీరు). మెత్తటి ప్యాచ్‌లలో శబ్దం పూర్తిగా లేవడానికి 100–200 మిల్లీసెకన్లు పట్టవచ్చు. 72 దగ్గర ఒక బీట్ 833 మిల్లీసెకన్లు కాబట్టి 150 ఆలస్యమైనా చెవికి తెలుస్తుంది. ఒక్క స్వరాన్ని సరిగ్గా బీట్ మీద పెట్టి రెండర్ చేసి (ఆడియో ఫైలుగా మార్చి), వేవ్‌ఫామ్‌లో ఎక్కడ లేస్తుందో కొలవండి. రీపర్‌లో ట్రాక్ రూటింగ్ విండోలో ప్లేబ్యాక్ ఆఫ్‌సెట్ ఉంటుంది, అంత మొత్తాన్ని మైనస్‌లో ఇవ్వండి. లెగాటో (స్వరాలను తెగకుండా కలిపే) ప్యాచ్‌కి, సస్టెయిన్ (స్వరాన్ని నిలిపే) ప్యాచ్‌కి విడివిడిగా కొలవాలి. కార్డులకు లెగాటో ప్యాచ్ పెట్టకండి, అవి ఎక్కువగా ఒకే స్వరం పలుకుతాయి. కార్డులో ఒక్క స్వరమే వినిపిస్తే తప్పు అక్కడే.

వెన్నెల_కీస్:
ఇద్దరికీ ధన్యవాదాలండి. సీసీ64 తీసేయగానే సగం తేటపడింది. ఎఫ్ షార్ప్ నిజంగానే పొట్టిదైపోయి ఉంది, మళ్లీ రాశాను. తంబురా మాటేమిటి?

గాంధారప్రియ:
ఈ ముక్కకి తంబురా వద్దండి. మొదటి బార్లు వినండి. జిని షడ్జం అనుకుంటే స్వరాలు కల్యాణివి, డిని అనుకుంటే శంకరాభరణానివి. బాస్ ఆ రెంటి మధ్య ఊగుతూ ఏదీ తేల్చదు, సాటీ అందమంతా ఆ తేల్చకపోవడంలోనే ఉంది. తంబురా డిలో మోగిన క్షణాన అది తేలిపోతుంది. ఇంకో చిక్కు చివర్లో ఉంది. తంబురా తీగ అనుస్వరాల్లో (మూల స్వరంతో పాటే సన్నగా మోగే పై స్వరాల్లో) అంతర గాంధారం దానంతటదే పలుకుతుంది, డి శ్రుతికి అది ఎఫ్ షార్ప్. ముక్క ముగిసేది డి మైనర్‌లో, అక్కడ ఉండేది మామూలు ఎఫ్. ఆఖరి కార్డు కింద రెండూ గుద్దుకుంటాయి.

మన రంగు కావాలంటే రెండో సగంలో పాట మళ్లీ వచ్చినప్పుడు ఫ్లూట్ బదులు వెదురు వేణువు శాంపిల్ వాడండి. గమకం పొడవాటి స్వరాల చివర మాత్రమే, పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే మిడి కంట్రోల్) పరిధి రెండు సెమిటోన్లకు మించకుండా. కార్డు మారే చోట స్వరం కదలకూడదు.

హక్కుల విషయానికొస్తే, సాటీ 1925లో పోయారు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకే హక్కు, కాబట్టి ఆ లెక్కన చూసినా ఈ రచన హక్కు 1985 చివరికల్లా తీరిపోయింది. ఫ్రెంచ్ స్వరకర్త దెబ్యుసీ ఈ వరుసలోని 1, 3 జిమ్నోపెడీలను వాద్యబృందానికి రాశారు, ఆయన పోయింది 1918లో, అదీ చూసి నేర్చుకోవచ్చు. కానీ వేరేవాళ్ల రికార్డింగ్‌కీ, ఇటీవల ఇతర వాద్యాలకు మార్చి రాసిన రూపాలకీ (అరేంజ్‌మెంట్లకీ) వేరే హక్కులుంటాయి. మిడి మీరు వాయించిందే కాబట్టి ఇబ్బంది లేదు. యూట్యూబ్‌లో ఆటోమేటిక్ కాపీరైట్ క్లెయిమ్ పడే అవకాశం ఉంది, ప్రాజెక్టు ఫైలును, విడి ట్రాకులను దాచి ఉంచండి.

మంద్రం:
రివర్బ్ (హాలు మోత) గురించి ఒక మాట. తీగల లైబ్రరీలో హాలు మోత ముందే ఉంటే దాని మీద పెద్ద హాల్ మళ్లీ వేయకండి, పెడల్ తీసి తెచ్చిన తేటతనం తిరిగి పోతుంది. అన్నిటికీ ఒకే రివర్బ్‌కి సెండ్ (దానికి పంపే సిగ్నల్), 2 సెకన్ల దగ్గర డికే (మోత ఆరే సమయం), 25 మిల్లీసెకన్ల ప్రీడిలే (మోత మొదలయ్యే ముందు ఆగే సమయం). రివర్బ్‌లోకి వెళ్లే సిగ్నల్‌లో 200 హెర్ట్జ్ కింది భాగం కోసేయండి. ఫ్లూట్ పొడి శాంపిల్ అయితే దాని సెండ్ మాత్రం కాస్త పెంచండి.