బెట్స్ గ్లవ్ లాగినవాళ్లకి 30 స్టేడియాల్లోనూ నిషేధం: ఇది న్యాయమేనా?

బ్రాంక్స్ బాబాయ్
2024 అక్టోబర్ 29, న్యూయార్క్‌లో యాంకీ స్టేడియం, బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో యాంకీస్, డాడ్జర్స్ జట్ల నాలుగో మ్యాచ్. మొదటి ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఆటగాడు టోరెస్ కొట్టిన ఫౌల్ (గీత బయటికి పోయిన) బంతిని డాడ్జర్స్ ఆటగాడు మూకీ బెట్స్ గోడ దగ్గర ఎగిరి పట్టాడు. ముందు వరసలో ఇద్దరు యాంకీస్ అభిమానులు అతని గ్లవ్, చెయ్యి పట్టుకుని బంతి పీకేశారు. వాళ్లను బయటికి పంపేశారు, ఐదో మ్యాచ్‌కీ రానివ్వలేదు. అక్కడితో ఆపాల్సింది. తర్వాత లీగ్ అన్ని జట్ల స్టేడియాల్లోకీ రావద్దంది. తప్పు చేశారు సరే, జీవితాంతమా?

ప్లేనో పద్మ
జీవితాంతం అని ఎవరన్నారు? గడువు చెప్పలేదు, అంతే. పని చేసుకుంటున్న మనిషి చెయ్యి పట్టి మెలిపెడితే మీ ఆఫీసులో ఊరుకుంటారా?

బ్రాంక్స్ బాబాయ్
ప్రేక్షకులు ఆటలో అడ్డుపడటం గురించిన బేస్‌బాల్ రూల్ 6.01 చదవండి. ఫీల్డర్ గోడ దాటి ప్రేక్షకుల వైపు చెయ్యి చాపితే అది అతని పూచీ. గ్లవ్ గోడకి ఎటువైపు ఉందో వీడియో ఆపి చూడండి.

ప్లేనో పద్మ
బంతి కోసం పోటీపడితే పూచీ. గ్లవ్‌లో పడ్డాక లాక్కోవడం పోటీ ఎలా అవుతుంది? పైగా ఆ గోడకి మేమే కాపలా అని వాళ్లలో ఒకాయన తర్వాత గొప్పగా చెప్పుకున్నాడు.

ఎడిసన్ కుర్రాడు
పాప్‌కార్న్ తెచ్చుకున్నా. కానివ్వండి.

చికాగో చిన్నోడు
ఇద్దరూ బీరు సంగతి వదిలేశారు. 1974 జూన్ 4న క్లీవ్‌లాండ్‌లో 10 సెంట్లకే బీరు అమ్మారు. పాతిక వేల మంది వచ్చారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు 5-5 ఉండగా జనం మైదానంలోకి దిగారు, ఆటగాళ్లు బ్యాట్లు పట్టుకుని తోటివాళ్లను కాపాడుకోవాల్సి వచ్చింది. అంపైర్ మ్యాచ్ ప్రత్యర్థి టెక్సాస్‌కి ఇచ్చేశాడు. బుద్ధొచ్చిందా? 2023లో పిచ్ క్లాక్ (బంతి వెయ్యడానికి గడువు చూపే గడియారం) పెట్టి ఆట సుమారు 24 నిమిషాలు తగ్గించారు. అంటే బీరు కూడా ముందే ఆపాలి కదా! కొన్ని జట్లు బీరు అమ్మకాన్ని ఏడో ఇన్నింగ్స్ నుంచి ఎనిమిదికి పొడిగించాయి. తాగించేది వాళ్లు, గెంటేది వాళ్లే.

బ్రాంక్స్ బాబాయ్
బీరుకి వేరే థ్రెడ్ పెట్టుకోండి. గ్లవ్ ఎటువైపు ఉందని అడిగాను.

ప్లేనో పద్మ
మీ గ్లవ్‌తో చంపుతున్నారండీ! 2025 జూన్‌లో చికాగోలో అరిజోనా జట్టు ఆటగాడు కెటెల్ మార్టేని చనిపోయిన వాళ్లమ్మ గురించి ఒక కుర్రాడు నోరు పారేసుకున్నాడు. అంత పెద్ద ఆటగాడు మైదానంలో ఏడ్చాడు. ఆ కుర్రాణ్నీ అన్ని స్టేడియాల్లో నిషేధించారు. అక్కడ ఏ గ్లవ్ ఉంది, ఏ గోడ ఉంది?

నా సంగతీ వినండి. మూడేళ్ల క్రితం మా పాపను, అప్పుడు దానికి తొమ్మిదేళ్లు, ఒక స్టేడియానికి తీసుకెళ్లాను. మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే వెనక వరసలో ఒకడు వెక్కిరిస్తూ మీ దేశం పొమ్మన్నాడు. పాప జడ మీద బీరు పోశాడు. సెక్యూరిటీ ఆయన "చూస్తాం" అని వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆరో ఇన్నింగ్స్‌లో మేమే లేచి వచ్చేశాం.

ఎడిసన్ కుర్రాడు
అక్కా, సారీ.

బ్రాంక్స్ బాబాయ్
అది దారుణం. కానీ అందరినీ ఒకే గాటన కట్టకండి. నేను 1998లో అమెరికా వచ్చాను. ఆఫీసులో నా పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు, రూములో ఒక్కణ్నే. ఆ ఏడాది యాంకీస్ 114 మ్యాచ్‌లు గెలిచారు. బ్లీచర్స్‌లో (చౌక సీట్లలో) గొంతు పోయేలా అరిస్తే పక్కనున్న ముసలాయన నన్ను వాటేసుకున్నాడు. ఈ దేశంలో నన్ను ఎవరైనా ముట్టుకోవడం అదే మొదలు. ఇప్పుడు నోరెత్తితే నిషేధం అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ప్లేనో పద్మ
ఇది ముందే చెప్పచ్చుగా, రూల్ పుస్తకం పట్టుకుని వేలాడారు. మీరు అరిచినందుకు నాకేం కోపం లేదు. మీ ముసలాయన మా వెనక వరసలో లేడు, అంతే.

చికాగో చిన్నోడు
వెనక ఉన్నవాడికి బీరు అమ్మిందెవరు?

బ్రాంక్స్ బాబాయ్
నువ్వాగవయ్యా. పద్మ గారూ, పాప ఇప్పుడు ఆట చూస్తోందా?

ప్లేనో పద్మ
స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. స్టేడియానికి మాత్రం రానంటుంది.

టాంపా రావు
ఇప్పుడే చూశాను, పైవన్నీ చదవలేదు. ఇంతకీ గ్లవ్ గోడ దాటిందా లేదా?