కాలుష్యం మీద దేశాల ఒప్పందాలు: గేమ్ థియరీ దారి చూపిస్తుందా, సాకు అందిస్తుందా?

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):
డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతుంటాను. పొగ తగ్గించే ఖర్చు ఒక్క దేశానిది, ఫలితం అందరిదీ. అందుకే ప్రతి దేశమూ పక్కవాళ్లు తగ్గిస్తే చాల్లే అనుకుంటుంది, చివరికి ఎవరూ తగ్గించరు. ఎదుటివాడు ఏం చేస్తాడో చూసుకుని ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారో లెక్కగట్టే గేమ్ థియరీలో మొదటి పాఠం ఇదే. "అయితే సార్, తప్పించుకునే దేశాలకు ఇది మంచి సాకే కదా?" అని క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. మీరేమంటారు?

నేనైతే సాకు అనుకోను. ఓజోన్ పొర కోసం 1987లో మాంట్రియల్ ఒప్పందం చేసుకున్నప్పుడు, చేరని దేశాలతో సీఎఫ్‌సీల (ఆ పొరను తినేసే రసాయనాల) వ్యాపారం చేయకూడదని షరతు పెట్టారు. 1990లో లండన్‌లో పేద దేశాలకు నిధి కూడా ఒప్పుకున్నారు. మన దేశం 1992లో చేరింది. బయటుంటే నష్టం, లోపలికొస్తే సాయం. ఈరోజు ఆ ఒప్పందంలో లేని దేశం లేదు. పొగ తగ్గించడానికి చేసుకున్న 1997 క్యోటో ఒప్పందంలో బయటున్నవాళ్లకు నొప్పి తగిలే షరతే లేదు. అమెరికా ఆమోదించలేదు, కెనడా 2011లో తప్పుకుంటున్నానని చెప్పేసింది. ఎవరేం చేయగలిగారు? మనసులు మారేదాకా కూర్చోకుండా షరతులు మార్చమంటుంది ఈ సిద్ధాంతం.

తుంగభద్ర గట్టు (కర్నూలు):
మాంట్రియల్‌తో పోల్చడం సరికాదు సార్. సీఎఫ్‌సీలు తయారుచేసే కంపెనీలు కొన్నే, వాటికి బదులు వాడే రసాయనాలూ వచ్చాయి. బొగ్గు అలా కాదు కదా, కరెంటు నుంచి సిమెంటు దాకా అన్నింట్లో ఉంది.

నాకు అసలు మింగుడుపడనిది వేరే. రైన్ నది సంగతి చూడండి. ఫ్రాన్స్‌లోని పొటాష్ గనులు ఉప్పును నదిలోకి వదిలేవి. దిగువన నెదర్లాండ్స్‌లో తాగునీటికీ, తోటలకూ ఇబ్బంది. 1976లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఉప్పు తగ్గించే ఖర్చులో 34 శాతం నెదర్లాండ్స్, 30 శాతం జర్మనీ, 6 శాతం స్విట్జర్లాండ్ భరించాలి. ఫ్రాన్స్ వాటా 30 శాతమే! అదైనా అమల్లోకి వచ్చింది 1985లో. గేమ్ థియరీ లెక్కలో ఇందులో తప్పేం లేదు. పైవాడికి ఆపాల్సిన అవసరం లేదు కాబట్టి కిందివాడు డబ్బిచ్చి ఆపించుకోవాలి. నది దిగువన బతికే మనం దీన్ని న్యాయమని ఎట్లా ఒప్పుకుంటాం?

చెనిక్కాయ రైతు (కళ్యాణదుర్గం):
దేశాల సంగతి నాకంత తెలియదు గానీ, ఈ ఆట మా చేన్లలో ఎప్పుడూ నడిచేదే. పక్క చేను ఆయన ఇంకా లోతుకు బోరు వేయిస్తాడు. నా మోటారు నీళ్లకు బదులు గాలి కక్కుతుంది. అప్పు చేసి నేనూ రిగ్గు పిలిపిస్తా. కింద ఉండేది ఒకే నీళ్లని ఇద్దరికీ తెలుసు. నేనొక్కణ్ణే ఆగితే ముందు ఎండేది నా చేనే, అదీ భయం. నీళ్లు, భూమి, చెట్లను కాపాడాలని 2002లో వాల్టా చట్టం వచ్చింది. రిగ్గులు మాత్రం ఆగలేదు.

అట్లని ఇట్లే జరగాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. మన మూడు జిల్లాలతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో భూగర్భ జలాలను రైతులే చూసుకునే ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టు నడిచింది. బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో రైతులే కొలిచి, ఎంత వాన పడిందో రాసి, రబీకి ముందు ఊరంతా కూర్చుని లెక్క వేసేవాళ్లు: ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని. ఎవరికీ జరిమానా లేదు, తగ్గించినందుకు డబ్బూ లేదు. లెక్క చూసి వరి మానుకున్నవాళ్లున్నారు. సార్ చెప్పే షరతులు లేకుండానే జరిగింది కదా ఇది?

పెన్నాతీరం:
అన్నా, మీరు చెప్పింది కూడా గేమ్ థియరీలోదే. ఒక్కసారి ఆడి లేచిపోయే ఆట వేరు, రేపు పొద్దున అదే మనిషి మొహం చూడాల్సిన ఆట వేరు. ఉమ్మడి వనరులను జనం ఎట్లా కాపాడుకుంటారో చూపించినందుకే అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ గారికి 2009లో నోబెల్ వచ్చింది. వాతావరణ మార్పు మీద 2015లో చేసుకున్న పారిస్ ఒప్పందం కూడా ఈ నమ్మకం మీదే నిలబడింది. జరిమానా లేదు, ఎవరి లెక్క వాళ్లు అందరి ముందూ పెట్టాలి. కానీ అమెరికా 2020లో బయటికి పోయింది, 2021లో తిరిగొచ్చింది, 2025లో మళ్లీ పోతున్నామంది. ఊర్లో ఎవరైనా ఇట్లా చేస్తే తలెత్తుకుని తిరగలేరు. దేశాలకు ఆ మొహమాటం లేదు, అందుకే షరతు కావాలంటున్నా. యూరప్ వాళ్లు 2026 జనవరి నుంచి బయటి ఉక్కు, అల్యూమినియం, సిమెంటు లాంటివాటి మీద, వాటి తయారీలో వచ్చిన పొగను బట్టి కార్బన్ సుంకం పెట్టింది ఆ లెక్కతోనే.

తుంగభద్ర గట్టు:
ఆ సుంకం పడేది ఉక్కు, అల్యూమినియం అమ్ముకునే మనలాంటి దేశాల మీద కూడా సార్. తరాల తరబడి బొగ్గు కాల్చి బాగుపడినవాళ్లు, ఆట ఈరోజే మొదలైనట్టు, ఎవరికెంత లాభం, ఎంత నష్టం అని గేమ్ థియరీ పట్టిక గీస్తున్నారు. పాత పొగ అందులో ఏ గడిలోనూ లేదు.

పెన్నాతీరం:
అది గీసినవాళ్ల తప్పు. పాత బాకీని కూడా పట్టికలో వేయొచ్చు, సిద్ధాంతం అడ్డు చెప్పదు.

తుంగభద్ర గట్టు:
వేస్తే సరిపోదు, కట్టాలి కదా. 2020 కల్లా పేద దేశాలకు వాతావరణ సాయంగా ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో ధనిక దేశాలు మాటిచ్చాయి. ఆ మొత్తం చేరింది 2022లో. ప్రభుత్వాల నుంచి వచ్చిన దాంట్లోనూ ఎక్కువ భాగం అప్పులే. గడువు తప్పినందుకు ఏ దేశమూ ఒక్క డాలరు జరిమానా కట్టలేదు. చేరనివాళ్లకు పెట్టే షరతు గురించి చెప్పారు, బాగుంది. ఇస్తామని చెప్పి ఇవ్వనివాళ్లకు పెట్టే షరతు మీ దగ్గరుంటే అదీ చెప్పండి. నేను ఒప్పుకోవాలంటే ఆ ఒక్కటే తేలాలి.