ఎంబ్రియోలను అమెరికాకు తీసుకెళ్లవచ్చా? చట్టం దృష్టిలో అవి ఎవరివి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

మావారికి బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంగ్లండ్‌లోది కాదు, అమెరికాలో అలబామా రాష్ట్రంలోది. వీసా, ఇల్లు ఖాళీ చేయడం ఒక ఎత్తు. ఇక్కడి ఐవీఎఫ్ కేంద్రంలో గడ్డకట్టించి నిల్వ ఉంచిన మా మూడు ఎంబ్రియోల (పిండాల) సంగతి ఇంకో ఎత్తు. ఏటా డబ్బు కడితే 'నిల్వ చార్జీలు' అని రసీదు ఇస్తారు, గోదాములో బస్తాలకు ఇచ్చినట్టు. అట్లాంటాలో ఉన్న మా ఆడపడుచేమో "వదినా, అలబామాలో అవి పిల్లలతో సమానమట, ఒక్కటి పాడైనా కేసేనట" అంటుంది. మా అత్తగారు అప్పుడే ముగ్గురు మనవలని లెక్క వేసేశారు. వెంట తీసుకెళ్లవచ్చా? వదిలి వెళితే హక్కు ఎవరిది? ఓదార్పులు వద్దు, చట్టం చెప్పండి.

జవాబు (న్యాయవాది, మలక్‌పేట)

మీ ఆడపడుచు మాట సగం నిజం. 2020 డిసెంబరులో అలబామాలోని మొబీల్ నగరంలో ఒక రోగి ఆసుపత్రి నిల్వగదిలోకి వెళ్లి పిండాలను చేత్తో తీశారు. ఆ చలికి చెయ్యి చుర్రుమని కింద పడేశారు. ఆ పిండాల తాలూకు దంపతులు దావా వేశారు. మైనర్ల మృతికి పరిహారం ఇప్పించే 1872 నాటి చట్టం గర్భం బయటి పిండాలకూ వర్తిస్తుందని 2024 ఫిబ్రవరి 16న ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. మీరు వెళ్లే ఊళ్లోని విశ్వవిద్యాలయ ఆసుపత్రితో సహా కొన్నిచోట్ల ఐవీఎఫ్ ఆగిపోయింది. మార్చి 6న చికిత్స చేసేవారికి కేసుల నుంచి రక్షణనిస్తూ చట్టం వచ్చింది. వైద్యులు ఒడ్డున పడ్డారు. పిండం బిడ్డా కాదా అన్నది మాత్రం ఆ చట్టం ముట్టుకోలేదు.

మన 2021 నాటి ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల) చట్టం ఫలదీకరణ నుంచి 56 రోజుల వరకు పిండం అంటుంది. బిడ్డ అనదు, ఆస్తి అనీ అనదు. అంతా సంతకాల మీదే నడుస్తుంది. భార్యాభర్తల్లో ఒకరు చనిపోతే ఏం చేయాలో ముందే రాసివ్వనిదే నిల్వ చేయకూడదు. గర్భంలో ప్రవేశపెట్టేలోగా ఇద్దరిలో ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. కాపురం చెడినప్పుడు అసలు తగువంతా ఇక్కడే. సంతకం పెట్టిన కాగితాల నకలు అడిగి తీసుకోండి. నిల్వకు గడువు పదేళ్లు.

ఇక విదేశానికి పంపడం: అదే చట్టం 29వ సెక్షన్ ప్రకారం నిషేధం. సొంత పిండాలను సొంత వాడకానికి మాత్రం ఆ చట్టం కింది జాతీయ బోర్డు అనుమతితో పంపవచ్చు. కొరియర్ వాళ్లు "మేం చూసుకుంటాం" అంటే నమ్మకండి.

జవాబు (ఎంబ్రియాలజిస్టు, సికింద్రాబాద్)

పంపేది డ్రై షిప్పర్ అనే అతిచల్లని డబ్బాలో. లోపలి గోడలు ద్రవ నైట్రోజన్‌ను పీల్చుకుంటాయి కాబట్టి డబ్బా ఒరిగినా ఒలకదు. పిండాన్ని ఉంచే సన్నని గొట్టం (స్ట్రా) మీద పేర్లు పాస్‌పోర్టుతో సరిపోలాలి. ఇంటిపేరు ముందో వెనకో అన్నదానికే అక్కడ పేచీ వస్తుంది. ఫలదీకరణ తర్వాత ఎన్నో రోజు పిండం, ఏ పద్ధతిలో గడ్డకట్టించారు అన్నవి రాయించుకోండి. తీసుకునే కేంద్రం ఒప్పుకోలు ముందే చేతిలో ఉండాలి.

జవాబు (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వనస్థలిపురం)

చిన్న సందేహం. తండ్రి పోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డకు ఆస్తిలో వాటా ఉంటుంది కదా, మరి ట్యాంకులో ఉన్నదానికి?

జవాబు (న్యాయవాది, మలక్‌పేట)

హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ గర్భంలో ఉండి, తర్వాత ప్రాణంతో పుట్టిన బిడ్డకే వాటా ఇస్తుంది. అది 1956 నాటి చట్టమండీ, ట్యాంకు సంగతి అందులో లేదు.