విజయవాడ నుంచి జోధ్‌పూర్‌కు కుటుంబంతో వెళ్లవచ్చా?

ప్రశ్న (పటమట, విజయవాడ):

అందరికీ నమస్కారం. మా వారు సౌర విద్యుత్ సంస్థలో ఇంజనీరు. వచ్చే ఏప్రిల్‌లో ఆయనకు రాజస్థాన్‌లోని భడ్లా సౌర పార్కుకు బదిలీ కావచ్చు. సంస్థవారు జోధ్‌పూర్‌లో ఇంటి అద్దె భరిస్తామంటున్నారు. ఆరో తరగతి చదువుతున్న అబ్బాయి, మూడేళ్ల పాప, రక్తపోటుకు మందులు వాడుతున్న 68 ఏళ్ల మా అత్తగారు మాతోనే ఉంటారు. రోహిణి కార్తెలో బెజవాడలో బతికినవారికి ఏ ఎండైనా ఒకటేనని మా వారు ధైర్యం చెబుతున్నారు. కానీ జోధ్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న ఫలోడిలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైందని చదివినప్పటి నుంచి నాకు బెరుకుగా ఉంది. అక్కడ కాపురం చేసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (బ్రాడీపేట, గుంటూరు):

చెల్లెమ్మా, మేము జోధ్‌పూర్‌లో నాలుగేళ్లు ఉన్నాము. మన ఎండ వేరు, ఆ ఎండ వేరు. ఇక్కడ చెమట ఆరక చొక్కా ఒంటికి అంటుకుంటుంది. అక్కడ మే నెలలో బజారుకు వెళ్లి వచ్చిన మా వారి నల్ల చొక్కా వీపున తడే కనిపించేది కాదు, తెల్లటి ఉప్పు చారలు మాత్రం ఉండేవి. చెమట పట్టినట్టే తెలియదు కాబట్టి దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండాలి. మొదటి వేసవిలో మా పాపకు రెండుసార్లు ముక్కు నుంచి రక్తం వచ్చింది. ఇంట్లో మాత్రం గాలి పొడిగా ఉండడం వల్ల మామూలు కూలరే గదిని చక్కగా చల్లబరుస్తుంది. బెజవాడలో అదే కూలర్ పెడితే జిడ్డు తప్ప చల్లదనం ఉండదు. అయితే వానలు మొదలయ్యాక అక్కడా అది అంతగా పనిచేయదు.

అసలు ఆలోచించవలసింది నీళ్ల గురించి. కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్లకు ఇది ముందుగా తట్టదు. జోధ్‌పూర్‌లో ఏడాది మొత్తం కురిసే వాన మనకు కురిసేదానిలో సుమారు మూడో వంతు. తాగునీరు పంజాబ్‌లోని హరికె బ్యారేజీ నుంచి ఇందిరా గాంధీ కాలువ ద్వారా వస్తుంది. వేసవి మొదట్లో మరమ్మతుల కోసం ఆ కాలువను కట్టేస్తారు. దానిని అక్కడివారు నహర్‌బందీ అంటారు. ఆ రోజుల్లో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. ఇల్లు చూసేటప్పుడు గదుల కంటే ముందు నేల కింద తొట్టి ఎంత ఉందో చూడండి. తెలుగు చదువు ఆగిపోతుంది. మా అబ్బాయి సంస్కృతం తీసుకున్నాడు. చలికాలం రాత్రులకు రజాయిలు కావాలి, ఆ చలికి ఇడ్లీ పిండి పొంగక నేను పడిన తిప్పలు ఇప్పటికీ మరిచిపోలేదు.

జవాబు 2 (గుంటూరు, మందుల దుకాణం):

అత్తగారి మందులలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర ఉందేమో చూడండి. వయసు మీదపడినవారికి దాహం సరిగా తెలియదు. దానికి ఆ మాత్ర, పొడి వేడి తోడైతే ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరిగి పడిపోవచ్చు. బయలుదేరే ముందే వైద్యుడిని అడిగి మోతాదు చూపించుకోండి, సొంతంగా మాత్ర ఆపవద్దు. జోధ్‌పూర్‌లో ఎయిమ్స్ ఉంది కనుక వైద్యానికి ఇబ్బంది ఉండదు.

జవాబు 3 (భవానీపురం, విజయవాడ):

పై ఇద్దరూ చెప్పినవి నిజమే, కానీ అసలు ప్రశ్న ఎవరూ వేయలేదు. భడ్లా నుంచి జోధ్‌పూర్ సుమారు 200 కిలోమీటర్లు. రోజూ వెళ్లి రావడం కుదరదు. నేను అటువైపు మరో ప్రాజెక్టులో పనిచేసినప్పుడు ప్యానెళ్ల మీద పేరుకున్న ఇసుక దుమ్ము తుడిపించే పనితోనే వారాలు గడిచిపోయేవి, రెండు వారాలకొకసారి ఇంటికి వస్తే గొప్ప. మీవారు సైటులో ఉంటే, భాష రాని ఊళ్లో అత్తగారితో, ఇద్దరు పిల్లలతో, నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ ఉండేది మీరే. ఆయనకు జోధ్‌పూర్ కార్యాలయంలోనే పని అయితే నిస్సంకోచంగా వెళ్లండి. కాకపోతే పటమటలో ఉండడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఆ దూరం సంగతి మా వారు నాతో అననే లేదు. నెలకు ఎన్ని రాత్రులు సైటులో ఉండాలో సంస్థవారిని రాతపూర్వకంగా అడగమన్నాను. కార్యాలయంలోనే పని అయితే ఆయన ఏప్రిల్‌లో వెళ్లి తొట్టి ఉన్న ఇల్లు చూస్తారు, అబ్బాయి బడి చేరిక కూడా అప్పుడే పూర్తి చేస్తారు. మేము జూన్ చివర్లో, ఎండ తగ్గాక బయలుదేరుతాము. అక్కయ్యగారూ, ఆ తొట్టి కనీసం ఎన్ని లీటర్లది ఉండాలంటారు?