ఛాలెంజ్ రెసిపీ ఉన్నదున్నట్టు చేయాలా, మన వీలుకొద్దీ మార్చుకోవచ్చా?

అమలాపురం కోడలు:
మన బేకింగ్ గుంపులో ఈ నెల ఛాలెంజ్ క్రోసాంట్, అదే, పిండి మడతల మధ్య వెన్న పెట్టి పొరలుగా కాల్చే ఫ్రెంచి రొట్టె. 22 మందిమి మొదలుపెడితే ఫొటోలు పెట్టింది 9 మంది. అందులో ఒకరు వెన్న బదులు డాల్డా వేశారు, ఒకరు కొన్న పఫ్ షీట్లు (పొరలు వేసి అమ్మే రెడీమేడ్ పిండి) చుట్టేశారు, ఇంకొకరు ఏకంగా నెయ్యి రాసి మడత కాజాలా చేసి ‘ఇదీ క్రోసాంటే’ అన్నారు. నాకైతే ఒళ్లు మండింది. అందరం ఒకే రెసిపీ చేస్తే ఎవరి చేతిలో ఎక్కడ తేడా వచ్చిందో తెలుస్తుందనే కదా ఇది పెట్టుకున్నాం? 2006లో మొదలైన డేరింగ్ బేకర్స్ అనే ఆన్‌లైన్ బేకింగ్ గుంపు వాళ్లు నెలనెలా చేసిందీ అదే. మొదటిసారే మార్చేస్తే నేర్చుకునేదేముంది?

తాపేశ్వరం అల్లుడు:
ఆ కాజా నాదేనండి, ఆయ్. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఉక్కలో వెన్న మడతపెట్టి చూడండి మీరు. రెండో మడతకే పిండి పక్కనుంచి వెన్న కారి గ్రానైట్ గట్టంతా జిడ్డు, పది నిమిషాల్లో చీమలు బారులు. ఈలోపు కరెంటు పోయింది, ఫ్రిజ్ కూడా లేదు. మా అత్తగారు చూసి నవ్వి, పిండి చపాతీలా పల్చగా ఒత్తి, నెయ్యి, బియ్యప్పిండి రాసి చుట్టి ముక్కలు కోసిచ్చింది. పొరలు వచ్చాయి కదండీ! తరతరాలుగా పొరలు తీస్తున్న ఊరికి పొరలు నేర్పుతున్నారా?

భీమవరం ఓటీజీ:
పొరలు రావడం వేరు, విచ్చుకోవడం వేరు తమ్ముడూ. వెన్నలో 16 శాతం దాకా నీళ్లుంటాయి. ఓవెన్ వేడికి ఆ నీళ్లూ పిండిలో తడీ ఆవిరై పొరల్ని పైకి లేపుతాయి, ఈస్ట్ కూడా చెయ్యి వేస్తుంది. నెయ్యిలో నీళ్లేవి? అందుకే నీది కరకరలాడింది తప్ప లోపల తేనెపట్టులా అవ్వలేదు. తినడానికి బ్రహ్మాండంగా ఉండి ఉంటుంది, కాదనను. కానీ క్రోసాంట్ కాదు. మూడేసి మడతలు మూడుసార్లు వేస్తే 27 పొరల వెన్న. వెన్న కరిగితే అది పిండిలో కలిసిపోతుంది, నువ్వు చేసింది బన్ను అవుతుంది.

పాలకొల్లు పిన్ని:
అందరూ వెన్న దగ్గరే ఆగిపోయారు, అసలు గొడవ గడియారం దగ్గరుంది. పోయిన నెల పాల బ్రెడ్‌కి రెసిపీలో ‘గంటన్నర పొంగనివ్వండి’ అని ఉంటే, అమలాపురం అమ్మాయి మాట విని నేనూ అక్షరం తప్పకుండా గంటన్నర ఉంచాను. మూత తీస్తే కల్లు ముంత వాసన. వేలితో నొక్కితే పిండి ఊపిరి వదిలినట్టు కూలిపోయింది, కాల్చాక నడుమ పల్లం, అంచులు పుల్లన. ఆ రెసిపీ రాసినావిడ వంటిల్లు 24 డిగ్రీలుంటుందేమో, మాది 35. పది డిగ్రీలు పెరిగితే ఈస్ట్ దాదాపు రెట్టింపు జోరుగా పనిచేస్తుంది. ఇడ్లీ పిండి సంగతి మనకి తెలియదా? సంక్రాంతికి తెల్లారినా పొంగదు, ఎండాకాలం రాత్రి పదికే గిన్నె దాటి గట్టెక్కుతుంది. అప్పుడు ఎవరైనా గడియారం చూస్తారా? మరి మైదా ముద్ద దగ్గరికొచ్చేసరికి ఆ తెలివంతా ఎక్కడికి పోతుందమ్మా మనకి?

రాజోలు ఆర్డర్లు:
నేను పుట్టినరోజు కేకులు చేసి అమ్ముతాను, డబ్బు సంగతి కూడా చూడండి. అరకిలో వెన్న పాడైతే ఆ వారం లాభం పోయినట్టే. డాల్డా వేసింది నేనే, దాచను. చెయ్యి తిరగాలని చవకదాంతో చేశాను, అది ఎండకి తొందరగా కరగదు కూడా.

అమలాపురం కోడలు:
చెయ్యి తిప్పుకోవడానికైతే సరే అక్కా, ఆ మాట ఫొటో కింద రాయాల్సింది. పిన్నిగారూ, గంటన్నర మాట నాదే, ఒప్పుకుంటున్నాను. నా బ్రెడ్ ఎందుకు బాగా వచ్చిందా అని ఇప్పుడు ఆలోచిస్తే, నేను ఏసీ గదిలో పెట్టాను! ఆ సంగతి చెప్పాలని కూడా తట్టలేదు. కాబట్టి టైములు ఎవరి వంటింటికి తగ్గట్టు వాళ్లు మార్చుకోండి, పిండి రెట్టింపయిందా లేదా చూసుకోండి. కొలతలూ, వెన్నా, మడతలూ మాత్రం మార్చనివ్వను. కొన్న పఫ్ షీట్లు లెక్కలోకి రావు, తిట్టినా సరే.

భీమవరం ఓటీజీ:
వెన్నకి నా పద్ధతి చెప్తాను. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాను. స్టీలు పళ్లెం డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, బోర్లించి దాని మీద ఒత్తుతాను. మడత మడతకీ అరగంట ఫ్రిజ్‌లో. వెన్న వంచితే విరక్కుండా వంగాలి, వేలికి అంటకూడదు. పిండి కలిపేది ఐస్ నీళ్లతోనే, ఈస్ట్ సగం తగ్గించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాను.

పాలకొల్లు పిన్ని:
యానాంలో ఫ్రెంచివాళ్లు 1954 దాకా ఉన్నారు కదా, ఈ ఉక్కలో వాళ్లు క్రోసాంట్లు ఎలా చేసుకుని తిన్నారో పాపం.

తాపేశ్వరం అల్లుడు:
అవి మానేసి మా కాజాలే తిని ఉంటారు లెండి. సరే, ఆదివారం నాలుగింటికి లేస్తాను, కరెంటోళ్ల దయ. ఉప్పు లేని వెన్న మా ఊళ్లో దొరకట్లేదు, రావులపాలెం వైపు ఎవరైనా వస్తుంటే అరకిలో పట్టుకొస్తారా? బదులుగా కాజాలిస్తాను.