గాలాపగోస్ చిన్న ఓడలో ఎస్పన్యోలా రోజు: మోకాళ్ల నొప్పితో అమ్మ దిగగలదా?

ప్రశ్న: సెప్టెంబరులో అమ్మతో వెళ్తున్నామండీ, 16 మంది పట్టే ఓడ. ఎస్పన్యోలా దీవిలో రెండుసార్లు దిగాలి, ఒకటి వెట్ ల్యాండింగ్ (పడవలోంచి నీళ్లలోకి దిగి ఒడ్డుకు నడవడం) అట. నాకదే టెన్షన్.

జవాబు: మా అత్తగారు దిగారండీ. ఆ వెట్ ల్యాండింగ్ గార్డనర్ బేలో, రబ్బరు పడవ అంచున కూర్చుని మోకాలి లోతు నీళ్లలోకి జారడమే, కింద మెత్తటి ఇసుక, పక్కనే సీ లయన్లు నిద్రపోతుంటాయి. కష్టమల్లా రెండోచోటు పుంటా సువారెజ్‌లో, అక్కడ పాదం తడవదు గానీ దారంతా రాళ్లు, చేతికర్ర ఉండాల్సిందే. అయినా మానుకోకండి, ఆల్బట్రాస్‌లు (పెద్ద సముద్రపు పక్షులు) గుడ్లు పెట్టేది అక్కడే, ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఉంటాయి.

మరో జవాబు: సెప్టెంబరులో నీళ్లు చల్లగా ఉంటాయి, స్నార్కెలింగ్‌కి (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీద ఈదడానికి) వెట్‌సూట్, అంటే చలి ఆపే ఈత దుస్తులు, అడగండి. జంతువులకు 2 మీటర్ల దూరం నియమం, అవే దగ్గరికొస్తే మనమే జరగాలి.

అడిగినవారు: చాలా థాంక్సండీ, అమ్మకు ఇప్పుడే చదివి వినిపించాను, కర్ర కొనమంది.